సముద్రం దాటిన గొడ్డలి

ముందుగా ఒక సంజాయిషీ ఇచ్చుకోవాలి. కిందటేడాది జనవరి నుంచి మే దాకా మా అబ్బాయి మన తెలుగు బడికి రాలేదు. టీచర్లు ఫోన్ చేసినప్పుడల్లా "వాడికి జలుబండీ", "ఇంట్లో చుట్టాలండీ" అని ఏదో ఒకటి చెప్పి తప్పించుకున్నాం. అసలు సంగతి బేస్‌బాల్. మా పేటలో పిల్లల జట్టు ఒకటుంది. ప్రాక్టీసు ఆదివారం పొద్దున. మన బడీ ఆదివారం పొద్దునే. కష్టపడితే సెకండ్ బేస్‌లో చోటిస్తానని కోచ్ అన్నాడట. "తెలుగుదేముంది, ఇంట్లో మాట్లాడుకుంటాం కదా, ఎక్కడికి పోతుంది?" అని మేమిద్దరం ఒకరికొకరం సర్దిచెప్పుకున్నాం.

ఇంట్లో మాట్లాడుకోవడం అంటే ఏమిటో మీకు వేరే చెప్పాలా! మేము తెలుగులో అడుగుతాం, వాడు జపనీస్‌లో జవాబు చెప్తాడు. మీలో చాలామంది ఇళ్ళల్లో ఇదే భాగోతమని తెలుసు కాబట్టే ధైర్యంగా రాస్తున్నాం.

ఏప్రిల్ రెండో వారంలో అవ్వ వచ్చింది. అవ్వంటే మాలో ఒకరికి అమ్మ, ఇంకొకరికి అత్తగారు. ఇద్దరం కలిసి రాస్తున్నాం కనుక పిల్లవాడు పిలిచినట్టే అవ్వ అంటున్నాం. ఊరు గుంతకల్లు దగ్గర ఒక పల్లె. వయసు డెబ్భై దాటింది. తొంభై రోజుల వీసా. ఇండియా నుంచి రెండు సూట్‌కేసుల నిండా మురుకులు, అరిసెలు, వేరుశెనక్కాయల పొడి మోసుకొచ్చింది. మొదటి వారం అవి తినడంతో, వీపు నిమరడంతో గడిచింది. రెండో వారానికి అవ్వా మనవడి మధ్య రెండు మాటలే మిగిలాయి. "తింటివా నాయనా?" "తిన్నా." అంతే!

ఒక రాత్రి వంటింట్లో అవ్వ మమ్మల్ని అడిగింది. "వానికి నాతో మాట్లాడేదానికి సిగ్గా, లేకుంటే రాదా?"

మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. సిగ్గు అని చెప్పాం. నమ్మినట్టు తల ఊపింది గానీ నమ్మలేదని మాకు తెలుసు.

గోల్డెన్ వీక్ సెలవుల్లో అవ్వకు చెర్రీ పూలు చూపిద్దామని ఉత్తరాన అవోమోరి వైపు బయల్దేరాం. టోక్యోలో పూలు రాలిపోయినా అక్కడి హిరోసాకి కోటలో ఆలస్యంగా పూస్తాయని మా లెక్క. లెక్క తప్పింది. మేము వెళ్ళేసరికి చెట్ల నిండా ఆకులే. అవ్వ పాపం "ఆకులు గూడా బాగుండాయిలే" అంది. హోటల్‌కు డబ్బు కట్టేశాం, ఇంకో రోజు మిగిలింది. ఏం చేయాలో తోచక, స్టేషన్‌లో చూసిన పోస్టర్‌ని పట్టుకుని సన్నై మరుయామ అనే చోటికి వెళ్ళాం. రాతియుగం నాటి పాత పల్లె అట. షిన్ అవోమోరి స్టేషన్ నుంచి బస్సులో ఇరవై నిమిషాలు కూడా పట్టదు.

అక్కడ ఊరు చూపించడానికి వాలంటీర్లు ఉంటారు. మాకు దొరికినాయన అవ్వ వయసువాడే. జపనీస్ చక్కగా వచ్చనుకునే మేము ఆయన నోరు విప్పగానే చేతులెత్తేశాం. అచ్చమైన త్సుగారు యాస! టోక్యో వాళ్ళకే అర్థం కాదంటారు ఆ యాస. మా వాడే నయం, సగం పట్టుకోగలిగాడు.

ఆయన చెప్పిన మొదటి ముక్కకే మా వాడి మొహం మాడిపోయింది. ఈ స్థలంలో బేస్‌బాల్ స్టేడియం కట్టాల్సిందట! ఇక్కడ పాత కుండలు దొరుకుతాయని ఎదో కాలం నుంచే తెలుసు. స్టేడియం కట్టే ముందు నియమం ప్రకారం తవ్వి చూద్దామని 1992లో మొదలుపెట్టారు. తవ్వేకొద్దీ ఇళ్ళు, సమాధులు, దారులు బయటపడుతూనే ఉన్నాయి. 1994లో ఆరు పెద్ద స్తంభాల గుంతలు దొరికాయి. ఒక్కో గుంత రెండు మీటర్ల వెడల్పు, రెండు మీటర్ల లోతు. గుంతకీ గుంతకీ మధ్య సరిగ్గా 4.2 మీటర్లు. అడుగున మీటరు లావున్న చెస్ట్‌నట్ మొద్దులు, భూగర్భ జలంలో నాని ఉండడం వల్ల కుళ్ళకుండా మిగిలాయి. అప్పటికే స్టేడియం పని మొదలైంది. అయినా ఆ ఏడాదే అవోమోరి గవర్నర్ పని ఆపించేశారు. 1997లో జాతీయ చారిత్రక స్థలమైంది. 2000లో ప్రత్యేక చారిత్రక స్థలమైంది. 2021లో ఉత్తర జపాన్‌లోని మరో 16 జోమోన్ స్థలాలతో కలిపి యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కింది.

"ఆపేశారా? రాళ్ళ కోసం స్టేడియం ఆపేశారా?" అని మా వాడు మమ్మల్ని జపనీస్‌లో నిలదీశాడు. మేమే ఆపించినట్టు!

ఊరు చూశాం. 5,900 ఏళ్ళ కిందట మొదలై 4,200 ఏళ్ళ కిందటి దాకా, అంటే దాదాపు 1,700 సంవత్సరాలు జనం కాపురమున్న ఊరు. మన ఊళ్ళలో ఎన్నింటికి అంత వయసుంది? ఇనుము లేదు, రాగి లేదు, వరి లేదు, రాత లేదు. చుట్టూ చెస్ట్‌నట్ చెట్లు పెంచుకున్నారు. చేపలు పట్టుకున్నారు, కుందేళ్ళు కొట్టుకున్నారు. నేలలోకి తవ్వి పైన కప్పు వేసుకున్న ఇళ్ళు. 32 మీటర్ల పొడవున్న ఒక పెద్ద సావడి. ఇవన్నీ తిరిగి కట్టి చూపిస్తున్నారు. ఆరు స్తంభాల కట్టడానికి అంత లావు చెస్ట్‌నట్ మానులు కావలసి వచ్చి రష్యా నుంచి తెప్పించారట. సావడిలోకి వంగి దూరగానే చల్లగా ఉంది. అవ్వ కాసేపు కూర్చుంటానంది. "మా చిన్నప్పుటి కొట్టం ఇట్లే ఉండె" అంది. మా వాడు బయటే నిలబడి గాలిలో బ్యాటు ఊపుకుంటున్నాడు.

అసలు కథ మ్యూజియంలో జరిగింది.

లోపల ఒక గాజు పెట్టెలో నల్లగా నిగనిగలాడే రాళ్ళు. కొకుయోసెకి అంటారు, ఇంగ్లీషులో అబ్సిడియన్. లావా గబుక్కున చల్లారితే ఏర్పడే గాజు రాయి. దెబ్బ కొడితే బ్లేడులాంటి పెచ్చు ఊడుతుంది. బాణపు మొనలకు, కత్తులకు, తోలు గీకే పనిముట్లకు అదే ఉక్కు ఆ రోజుల్లో. పక్కన జపాన్ పటం మీద గీతలు గీసి ఉన్నాయి. ఆ రాయి అవోమోరి పడమటి తీరాన ఫుకాఉరాలోనూ దొరుకుతుంది. అయినా సన్నై మరుయామలో దొరికిన ముక్కలు ఎక్కడెక్కడి నుంచో వచ్చాయి. హొక్కైదోలోని షిరతాకి, ఒకెతో, తొకాచి, అకాఇగావా. దక్షిణాన అకితాలోని ఓగా, యమగతాలోని గస్సాన్, సాదో దీవి, ఆఖరికి నగానో కొండలు. షిరతాకి ఒక్కటే తీసుకున్నా, పటం మీద నేరుగా గీత గీస్తేనే 400 కిలోమీటర్లు.

ఏ ముక్క ఏ కొండదో ఎలా తెలుస్తుందని అడిగాం. ప్రతి అగ్నిపర్వతపు గాజులోనూ రుబీడియం, స్ట్రోన్షియం, జిర్కోనియం లాంటి మూలకాలు వేరువేరు పాళ్ళలో ఉంటాయి. ముక్క మీద ఎక్స్‌రేలు పంపిస్తే, ఆ మూలకాలు తిరిగి వెలువరించే కిరణాలను బట్టి ఆ పాళ్ళు లెక్క కడతారు. రాయిని పగలగొట్టక్కర్లేదు. అంటే రాయి తన పుట్టిల్లు ఎప్పటికీ మరచిపోదన్నమాట.

రాయి ఒక్కటే కాదు. 600 కిలోమీటర్ల అవతల ఇతోయిగావా నుంచి పచ్చటి జేడ్ వచ్చింది. తయారైన పూసలే కాదు, ముడి రాయీ, సగం చెక్కినవీ దొరికాయి. అంటే రాయిని తెచ్చుకుని ఇక్కడే చెక్కేవారు. అంత గట్టి రాయికి ఇసుక వేసి తిప్పి తిప్పి బెజ్జం పెట్టాలి. ఓపిక ఎంతుండాలో! ఇవాతేలోని కుజి నుంచి ఆంబర్ వచ్చింది. బాణపు మొనను కర్రకు అతికించే సహజమైన తారు కూడా బయటి నుంచి వచ్చిందే.

ఆ పక్క పెట్టెలో రాతి గొడ్డళ్ళు. అరచేతిలో ఇమిడేంత సైజు, ముదురాకుపచ్చ రంగు, మీద చారలు. నున్నగా అరగదీసి ఉన్నాయి. ఆ రాయి పేరు అవోతొరా. తొరా అంటే పులి. అవో అంటే నీలమా పచ్చా అని సిగ్నల్ దగ్గర మనం కొత్తలో తికమకపడ్డ మాటే! హొక్కైదోలో నుకాబిరా నది దగ్గర దొరికే రాయి అది. ఇసుక, నీళ్ళు వేసి రాతి రంపంతో రుద్ది రుద్ది కోసి, అంచు నూరి చేస్తారు. సన్నై మరుయామలో మీటరు లావు మానులు పడగొట్టింది ఇలాంటి గొడ్డళ్ళతోనే. ఆ గొడ్డళ్ళలో చాలా భాగం సముద్రం దాటి వచ్చినవే.

అవ్వ ఆ పెట్టె దగ్గర ఆగిపోయింది. కళ్ళద్దాలు సర్దుకుంది. గాజుకు ముక్కు ఆనించి చూసింది.

"ఇది పిడుగు రాయి గదప్పా! ఈడికెట్లొచ్చె?"

గైడు తాతగారు ఏమంటున్నారని మా వాణ్ణి అడిగాడు. మేమిద్దరం ఆ సమయానికి టికెట్ల దగ్గర మరచిపోయిన గొడుగు కోసం వెళ్ళాం. తిరిగి వచ్చేసరికి చూసిన దృశ్యం ఇది. మధ్యలో మా వాడు, ఒక పక్క అవ్వ, ఒక పక్క తాతగారు. మేము స్తంభం చాటున నిలబడిపోయాం. మధ్యలోకి వెళ్తే వాడు మళ్ళీ మామీదకు నెట్టేస్తాడని భయం.

"అవ్వా, పిడుగు అంటే?"

అవ్వ చెయ్యి పైకెత్తి "ఉరుముతుందే గడగడా... తళుక్కుమని మెరుస్తుందే... ఆ పొద్దు పైనుంచి దబ్బుమని చెట్టు మీద పడుతుందే, అది!" అని చేత్తో కొట్టి చూపించింది.

"కామినారి!" అని వాడు అరిచాడు. తాతగారి వైపు తిరిగి గడగడా చెప్పేశాడు. తాతగారు తొడ చరిచాడు. ఎదో కాలంలో జపాన్‌లోనూ పొలంలో రాతి గొడ్డలి దొరికితే పిడుగుతో పడిందనుకునేవారట. రైఫు అనేవారట, అంటే పిడుగు గొడ్డలి. పిడి ఉన్న రాతి కత్తి దొరికితే అది తెంగు అన్నం గరిటె! అవ్వకు తెంగు ఎవరో తెలియదు కనుక వాడు ముక్కు దగ్గర చెయ్యి పొడుగ్గా పెట్టి చూపించాడు.

అప్పుడు అవ్వ తన కథ చెప్పింది. వాళ్ళ నాయన మడక దున్నుతుంటే ఇలాంటిదే ఒకటి తగిలిందట. వాళ్ళమ్మ కడిగి, పసుపు పూసి, బొట్టు పెట్టి సుంకులమ్మ కట్ట మీద పెట్టి వచ్చిందట. అక్కడ అప్పటికే అలాంటివి రెండున్నాయట. మడక అంటే ఏమిటో వాడికి తెలియదు. నాయన అంటే తనను పిలిచే మాటే అనుకున్నాడు, నాన్న అని తెలియదు. కట్ట అంటే తెలియదు. ఒక్కో మాటకూ అవ్వ నటన, వాడి ఊహ, తాతగారి నవ్వు. ఐదు నిమిషాల కథకు అరగంట పట్టింది. మాకు తెలిసి వాడు తన జన్మలో అంతసేపు తెలుగు వినలేదు!

చివర్లో అవ్వ ఒక ప్రశ్న వేసింది. "అంత దూరం నుంచి గొడ్డండ్లు తెచ్చినారే, దానికి బదులు వీండ్లేమిచ్చినారంట?"

డబ్బు లేని కాలం. వ్యాపారం అంటే మార్పిడే. తాతగారు కాసేపు ఆలోచించి చెప్పిన జవాబును మా వాడు ఇలా తెలుగు చేశాడు. "రాయి ఉంటుంది అవ్వా. తినేది ఉండదు. బట్టలు ఉండవు. మాట్లాడేది ఉండదు. నేలలో పోతాయి." వ్యాకరణం సంగతి వదిలెయ్యండి. మేము దాన్ని ఇంతకంటే బాగా చెప్పలేం.

తాతగారు మమ్మల్ని కుండల దగ్గరకు తీసుకెళ్ళాడు. నిలువుగా, గొట్టంలా, పైనుంచి కిందికి తాడు అద్దిన గుర్తులతో ఉంటాయి. జోమోన్ అంటేనే తాడు గుర్తులని అర్థం. 1877లో టోక్యో దగ్గర ఒమోరిలో తవ్వకం చేసిన అమెరికన్ ఎడ్వర్డ్ మోర్స్ పెట్టిన పేరు నుంచి వచ్చింది. ఈ గొట్టపు కుండలు అవోమోరి పక్కనా ఉన్నాయి, త్సుగారు జలసంధి అవతల హొక్కైదో దక్షిణాన కూడా అచ్చం ఇలాగే ఉన్నాయి. జలసంధి ఇరుకైన చోట 20 కిలోమీటర్ల లోపే. కానీ ప్రవాహం జోరు ఎక్కువ. దొలిచిన దుంగల పడవలతో దాటాలి. ఆ నీళ్ళ కింద ఇప్పుడు 1988లో తెరిచిన సెయికన్ సొరంగం ఉంది, రైలెక్కితే అవతల తేలతాం. వాళ్ళు మాత్రం వందల ఏళ్ళపాటు తెడ్డు వేసుకుంటూనే వెళ్ళి వచ్చారు. ఒకే రకం కుండ రెండు ఒడ్డుల మీదా చేశారు.

అవ్వ అది విని వెంటనే తేల్చేసింది. "అదేముంది? ఈ పక్క పిల్లను ఆ పక్క ఇచ్చింటారు. కోడలొస్తే చట్టి చేసే వాటం గూడా వస్తాది. పుట్టింటోళ్ళు సారె తెస్తారు. ఆ గొడ్డండ్లు సారెనో ఏమో!"

పెద్ద పెద్ద పుస్తకాల్లో కూడా పెళ్ళి సంబంధాలు, చుట్టరికాలు, బహుమతుల గురించి పండితులు రాసింది ఇదే తీరుగా ఉంటుంది. అవ్వ ఆ పుస్తకాలేవీ చదవలేదు. ఆమె అన్నదే నిజమని మేము వాదించం. కానీ ఒక సంగతి మాత్రం మాకు బాగా తగిలింది. పక్కనే ఫుకాఉరాలో నల్ల రాయి ఉన్నా, సముద్రం అవతలి రాయీ వస్తూనే ఉందంటే, అది అవసరం ఒక్కదాని వల్లే కాదు. అవతలి ఒడ్డున ఎదురుచూసే మనిషి ఉండాలి. ఇవతలి నుంచి వెళ్ళే మనిషీ ఉండాలి. ఏ ఒక్కరు మానేసినా రాయి ఆగిపోతుంది.

తిరుగు ప్రయాణంలో చెస్ట్‌నట్ ఐస్‌క్రీం తిన్న మత్తులో అవ్వా మనవడూ రైల్లో పక్కపక్కనే కూర్చున్నారు. "అవ్వా, గొడ్డలి, గొడ్డండ్లు, ఎందుకు మారింది?" అని వాడు అడుగుతున్నాడు. "మా పక్క అట్లే అంటారు" అని అవ్వ. మేము వెనక సీట్లో నిద్ర నటిస్తున్నాం.

ఇంటికి వచ్చాక అవ్వ మాట పట్టుకుని కొంచెం చదివాం. గుంతకల్లుకు దాదాపు యాభై కిలోమీటర్ల దూరంలో, బళ్ళారి పక్కన, సంగనకల్లు కొండలున్నాయి. అక్కడ కొత్త రాతియుగంలో, మూడు వేల ఏళ్ళకు పైబడిన కాలంలో, నల్లటి డోలరైట్ రాయితో గొడ్డళ్ళు పెద్ద ఎత్తున చేసేవారు. అక్కడి నుంచి చుట్టుపక్కల ఊళ్ళకు వెళ్ళేవి. సుంకులమ్మ కట్ట మీద ఉన్నది ఆ కొండదో కాదో మేము చెప్పలేం, దాన్ని ఎవరూ ఎక్స్‌రే తీయలేదు. అవ్వకు చెప్తే "ఏ కొండదైతేనేం, బొట్టు పెట్టిన రాయి" అంది.

ఇక మా సంజాయిషీ మిగతా భాగం. జూన్ నుంచి వాడు బడికి వస్తున్నాడు. ఇది సుఖాంతం అని రాయాలనుంది గానీ అంత తేలిక కాదు. కోచ్‌తో మాట్లాడాం. ఒక ఆదివారం ప్రాక్టీసు, ఒక ఆదివారం బడి అని ఒప్పందం. సెకండ్ బేస్ ఇంకో పిల్లవాడికి వెళ్ళింది. మా వాడు రెండు రోజులు మాతో మాట్లాడలేదు, ఏ భాషలోనూ! వాడు పోగొట్టుకున్నది చిన్నదని మేము అనం. అవోమోరి వాళ్ళు స్టేడియం పోగొట్టుకున్నారు, అదీ చిన్నది కాదు. ఏదైనా నిలుపుకోవాలంటే ఇంకేదో ఇచ్చుకోవాల్సి వస్తుందని వాడికి చెప్పబోయి మానేశాం. పదేళ్ళవాడికి అది చెప్పి ఒప్పించేది కాదు.

జులైలో అవ్వ వెళ్ళిపోయింది. ఇప్పుడు శనివారం రాత్రి వీడియోలో ఇద్దరికీ ఒక బేరం నడుస్తోంది. వాడు ఒక జపనీస్ మాట ఇస్తాడు, అవ్వ ఒక తెలుగు మాట ఇస్తుంది. ఇంతవరకు అవ్వ ఇచ్చినవి పిడుగు, మడక, కవ్వం, గాటిపాడు, దోసిలి, ఇంకా కొన్ని. వాడు ఇచ్చినవి దొంగురి, కామినారి, హోమురాన్. హోమురాన్ ఇంగ్లీషు మాటే కదా అని మేము అడ్డుపడితే ఇద్దరూ మమ్మల్ని పక్కకు పొమ్మన్నారు.

మొన్న అవ్వకు జ్వరమొచ్చి ఒక శనివారం ఫోన్ చేయలేదు. వాడు తొమ్మిది దాకా కూర్చున్నాడు. మర్నాడు బడి వారం కాకపోయినా బ్యాటు పక్కన పెట్టి, నోట్‌బుక్‌లో ఒక కాగితం చింపి, తప్పులతో, వంకర అక్షరాలతో రాశాడు. "అవ్వా, రెండు మాటలు బాకీ." మేము దిద్దలేదు. అలాగే పోస్టు చేశాం.

వీలైతే మీరూ పిల్లల్ని తీసుకుని సన్నై మరుయామ వెళ్ళి రండి. టోక్యో నుంచి హయబుసా రైలు ఎక్కితే మూడు గంటల పైచిలుకు, ఒక్క రోజులో వెళ్ళి రావచ్చు. ఇండియా నుంచి పెద్దవాళ్ళు వచ్చినప్పుడైతే మరీ మంచిది. ఒక్కటే మనవి. గొడ్డళ్ళ పెట్టె దగ్గరకు వచ్చాక మీరు గొడుగు మరచిపోయామని చెప్పి కాసేపు పక్కకు తప్పుకోండి.